నట్టింట్లో నెట్టు... వెనగ్గదిలో పాట్లు!

హాల్లో టీవీలో సినిమా చకచకా నడుస్తుంటుంది. వెనక గదిలో అమ్మాయి ఆన్‌లైన్‌ క్లాసు మాత్రం ఆగి ఆగి వస్తుంటుంది. 'ఇంకాస్త పెద్ద ప్లాను తీసుకుందాం' అంటారు నాన్న. ప్లాను మారుతుంది, బిల్లు పెరుగుతుంది. క్లాసు మాత్రం ఆగుతూనే ఉంటుంది. ఎందుకంటే చాలా ఇళ్లలో లోపం వీధిలోంచి వచ్చే తీగలో లేదు... ఇంట్లో ఉన్న పెట్టెలో ఉంది. అది కూర్చున్న చోటులో ఉంది!

ఒకప్పుడు ఇంట్లో నెట్టు అంటే ఓ మూల టేబులు, దాని మీద కంప్యూటరు, వెనక నుంచి వచ్చే తీగ. అంతే. కావలసినవాళ్లు ఆ మూలకే వెళ్లి కూర్చునేవారు. ఇప్పుడు ఇంట్లో ఎక్కడ కూర్చుంటే అక్కడికే నెట్టు రావాలి. నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒకటో రెండో లాప్‌టాప్‌లు, టీవీ, గుమ్మం దగ్గర కెమెరా... అన్నీ గాల్లోంచే నెట్టు తాగుతున్నాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌ మొదలయ్యాక ఆఫీసులూ బడులూ ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చేశాయి. పడగ్గదే ఆఫీసయింది. వరండా తరగతి గది అయింది. ఆ తర్వాత చాలామంది ఆఫీసులకు తిరిగి వెళ్లినా ఆ అలవాటు మాత్రం పోలేదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ, డాక్టరుతో మాటలు, డల్లాస్‌లో ఉన్న మనవడిని చూసుకునే నానమ్మ ఆదివారం ముచ్చట్లు- అన్నీ దాని మీదే. ఇంటర్వ్యూలో సరిగ్గా జవాబు చెప్పే సమయానికి బొమ్మ బిగుసుకుపోతే... ఆ నష్టాన్ని ఏ ప్లానూ పూడ్చదు.

అందుకే జేబులో చెయ్యి పెట్టేముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి.

కుళాయి తప్పా... ట్యాంకు తప్పా?

మున్సిపాలిటీ వాళ్లు వీధి గొట్టంలో నీళ్లు బాగానే వదులుతారు. ఇంట్లో గొట్టం సన్నగా ఉంటే మేడ మీద కుళాయిలో సన్నటి ధారే వస్తుంది. వీధి గొట్టం ఎంత లావు చేసినా ఆ ధార మారదు. ఇంటర్నెట్‌ కూడా ఇంతే. కంపెనీ గుమ్మం దాకా తెచ్చి ఇచ్చేది ఒకటి. అక్కణ్నుంచి ఇంట్లో గదిగదికీ మోసుకెళ్లే వైఫై మరొకటి. రెండూ వేర్వేరు. మనం నెలనెలా డబ్బు కట్టేది మొదటి దానికే.

రెండింట్లో తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి ఓ తేలికైన పరీక్ష ఉంది. లాప్‌టాప్‌ను తీగతో నేరుగా రూటరుకు కలిపి వేగం చూడాలి. తర్వాత అదే లాప్‌టాప్‌తో రూటరు పక్కనే కూర్చుని వైఫై మీద చూడాలి. చివరగా ఇబ్బంది ఉన్న గదిలోకి వెళ్లి చూడాలి. తీగతో కూడా వేగం రాకపోతే... తీగ, పోర్టు బాగున్నాయనుకున్నాక, తప్పు కంపెనీది. ఫోన్‌ చేసి అడగొచ్చు. తీగతో బాగా వచ్చి రూటరు పక్కన వైఫై మీద తగ్గిపోతే రూటరు పాతబడి ఉండొచ్చు. పక్కన బాగుండి గదిలో పడిపోతే దూరానిదీ, గోడలదీ తప్పు. మూడు కొలతలు, పది నిమిషాలు. అంతే... సగం గుట్టు తేలిపోయినట్లే!

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి మరోటుంది. ప్లానులో 100 ఎంబీపీఎస్‌ అంటే సెకనుకు 100 మెగా'బిట్లు'. ఫైళ్లను కొలిచేది మెగా'బైట్ల'లో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్‌ ప్లానులో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి దిగవు. పన్నెండు కనిపించిందని కంపెనీతో తగవు పెట్టుకోనక్కర్లేదు!

మన గోడలు మరీ గట్టివి

వైఫై అనేది రేడియో తరంగం. వివిధభారతి మన ఇంటికి ఎలా వస్తుందో ఇదీ అలాగే వస్తుంది, కాకపోతే చాలా తక్కువ శక్తితో. దూరం రెట్టింపయితే దాని బలం నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల దగ్గర ఉన్న బలం నాలుగు మీటర్ల దగ్గర పావు వంతు, ఎనిమిది మీటర్ల దగ్గర పదహారో వంతు. ఇది గోడలేమీ లేని ఖాళీ చోట లెక్క. ఇక గోడ అడ్డొస్తే?

అమెరికాలో చాలా ఇళ్లకు లోపలి గోడలు చెక్క చట్రాలు, పల్చటి జిప్సం పలకలు. తరంగాలు పెద్దగా నీరసించకుండానే వాటిని దాటేస్తాయి. మన ఇళ్లు అలా కాదు. ఇటుక గోడలు, కాంక్రీటు స్తంభాలు, లోపల ఇనుప చువ్వలున్న స్లాబు. పక్క గదికి వెళ్లే సిగ్నలు గోడ దగ్గర కొంత పోగొట్టుకుంటే, మేడ మీదికి వెళ్లేది స్లాబు దగ్గర చాలావరకూ పోగొట్టుకుంటుంది. అందుకే పెట్టె మీద 'ఇంత విస్తీర్ణానికి సరిపోతుంది' అని రాసిన లెక్క మన ఇళ్లకు అచ్చంగా కుదరదు.

గోడలు కాకుండా ఇంట్లో ఇంకొందరు దొంగలున్నారు. ఇనుప బీరువా తరంగాలను వెనక్కి కొడుతుంది. నిలువుటద్దం వెనక ఉండే లోహపు పూత కూడా అంతే. ఫ్రిజ్‌ సంగతి సరేసరి. చేపల తొట్టి తరంగాలను తాగేస్తుంది, నీళ్లకు ఆ గుణం ఉంది మరి. మైక్రోవేవ్‌ ఓవెన్‌ పనిచేసేది సుమారు 2.45 గిగాహెర్ట్జ్‌ దగ్గర. వైఫై వాడే రెండు దారుల్లో ఒకటి అక్కడే ఉంది. అందుకే వంటింట్లో కూర వేడెక్కుతుంటే పక్క గదిలో వీడియో తడబడుతుంది!

సిగ్నలు బలాన్ని ఫోన్లో కనిపించే గీతలతో అంచనా వేస్తాం. గీతలకన్నా నమ్మకమైన కొలత ఒకటుంది- డీబీఎం. ఆండ్రాయిడ్‌ ఫోన్లలో దీన్ని చూపించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఈ అంకెలు మైనస్‌లో ఉంటాయి. మైనస్‌ 50 చుట్టుపక్కల ఉంటే భేషు. మైనస్‌ 67 దాకా వీడియో కాల్‌కు ఢోకా లేదు. మైనస్‌ 75 దాటితే తడబాటు మొదలు. మైనస్‌ 80 దాటితే ఇక ఉన్నా లేనట్లే. పది అంకెలు దిగితే బలం పదో వంతయినట్లు. అంటే మైనస్‌ 50కీ మైనస్‌ 80కీ మధ్య తేడా అక్షరాలా వెయ్యి రెట్లు!

ఓ కాగితం మీద ఇంటి ప్లాను గీసుకుని, గదిగదికీ తిరిగి ఈ అంకెలు రాసుకుంటే ఎక్కడ ఏం కావాలో దానంతట అదే తెలిసిపోతుంది. సెలవు రోజు పిల్లలకు ఈ పని అప్పగిస్తే హుషారుగా చేస్తారు కూడా.

ముందు పైసా ఖర్చు లేని వైద్యం

రూటరు ఎక్కడుంది? చాలా ఇళ్లలో జవాబు ఒకటే... టీవీ వెనకో, షోకేసు లోపలో, గుమ్మం పైన అటక మీదో! కేబులు వేయడానికి వచ్చిన కుర్రాడికి ఏది దగ్గరైతే అక్కడ పెట్టేసి వెళతాడు. ఇంటికి ఓ మూలన పెడితే దాని తరంగాల్లో సగం వీధికీ పక్కింటికీ పోతాయి.

రూటరు ఇంటికి వీలైనంత నడిమధ్యన ఉండాలి. నేలకు ఐదారు అడుగుల ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండేలా చూడాలి. టీవీ, బీరువా, ఫ్రిజ్‌, చేపల తొట్టి... వీటికి దూరంగా ఉంచాలి. ఫైబరు తీగ అంతదూరం రాదంటే పెట్టెను కదపనక్కర్లేదు. దాన్నుంచి నెట్‌వర్క్‌ కేబులు ఒకటి లాగి, నడిమధ్యన మరో రూటరు పెట్టుకోవచ్చు. ఫైబరు తీగను మాత్రం సొంతంగా లాగడం, మడవడం చేయకూడదు. లోపల ఉండేది వెంట్రుకంత సన్నటి గాజు. గట్టిగా వంచితే వెలుగు దాటదు, మరీ వంచితే విరిగిపోతుంది. అవసరమైతే కంపెనీ మనిషినే పిలిపించుకోవాలి.

యాంటెన్నాల సంగతీ ఉంది. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా నుంచి తరంగాలు చుట్టూ, అడ్డంగా పరచుకుంటాయి... మధ్యలో కన్నం ఉన్న గారెలా. నేరుగా పైకీ కిందికీ వెళ్లేది తక్కువ. కాబట్టి ఒకే అంతస్తు ఇంట్లో అన్నీ నిలువుగా ఉంచితే మేలు. పై అంతస్తుకూ కాస్త అందాలంటే ఒకదాన్ని పక్కకు వాల్చి చూడొచ్చు.

ఆరు యాంటెన్నాలున్న రూటరు కొంటే దూరం పెరుగుతుందని కొందరి నమ్మకం. యాంటెన్నాలు పెరిగితే ఒకేసారి ఎక్కువ సమాచారం పంపొచ్చు, కొంత లాభమూ ఉంటుంది. కానీ వైఫై అంటే ఇద్దరి మధ్య సంభాషణ. రూటరు ఎంత గట్టిగా అరిచినా, వెనగ్గదిలోంచి ఫోను చెప్పే జవాబు దానికి వినిపించాలి కదా! ఫోను గొంతు చిన్నది. గీతలు నిండుగా కనిపిస్తూనే నెట్టు కదలకపోవడానికి ఇదీ ఓ కారణం.

రెండు దారులు... రెండు రకాలు

ఇప్పటి రూటర్లలో చాలావరకు రెండు దారుల్లో పనిచేస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్‌. దీని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది, దూరం వెళుతుంది. కానీ ఇరుకు దారి. ఒకదానికొకటి అడ్డురాకుండా ఇందులో పట్టేవి మూడు ఛానెళ్లే- 1, 6, 11. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ల రూటర్లు ఆ మూడింటి కోసమే కొట్టుకుంటాయి. దానికి తోడు బ్లూటూత్‌లు, మైక్రోవేవ్‌లు!

రెండోది 5 గిగాహెర్ట్జ్‌. వెడల్పాటి రహదారి, రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కాకపోతే గోడల దగ్గర త్వరగా అలసిపోతుంది. అందుకే రూటరు ఉన్న గదిలోనూ పక్క గదిలోనూ ఐదు, దూరంగా ఉన్న గదికి రెండున్నర... ఇదీ లెక్క. టీవీ, లాప్‌టాప్‌లను ఐదుకు మార్చేస్తే రెండోదానిలో రద్దీ తగ్గుతుంది. అలాగని 2.4ను ఆపేయకూడదు. వైఫై బల్బులు, ప్లగ్గులు, చాలా రకాల కెమెరాలకు తెలిసింది అదొక్కటే.

మనదేశంలో ఈ దారులు లైసెన్సు లేకుండా ఇంటింటికీ అందడం వెనక ప్రభుత్వ నిర్ణయాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ను 2005 జనవరిలో లైసెన్సు అవసరం లేకుండా వదిలేశారు. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని 2018 అక్టోబరులో తెరిచారు. మూడో దారి 6 గిగాహెర్ట్జ్‌. అందులో కింది భాగానికి 2025 మేలో కేంద్రం ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిచ్చే ఖరీదైన రూటర్లలో ఈ దారి ఉంటుంది. అది ఇక్కడి నిబంధనలకు తగ్గట్టుగా ఉందో లేదో కనుక్కున్నాకే వాడాలి.

పెట్టె వయసెంత?

చోటు మార్చినా ఛానెలు మార్చినా ఫలితం లేదంటే అప్పుడు చూడాల్సింది పెట్టె వయసు. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లే. 1999లో అది 11 అయింది. 2003లో 54. తర్వాత 2009లో వచ్చిన తరాన్ని వైఫై 4 అంటున్నారు. 5 గిగాహెర్ట్జ్‌ మీద మాత్రమే నడిచే వైఫై 5 ప్రమాణం 2013లో ఖరారైంది. అక్షరాలతో కూడిన నోరు తిరగని పేర్లు తీసేసి ఇలా అంకెలతో పిలవడం 2018లో మొదలైంది. ఆపైన వైఫై 6 వచ్చింది. వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ ఇవ్వడం 2024 జనవరిలో మొదలైంది.

వీటిలో ఇంటికి ఏది ముఖ్యం? చాలా కుటుంబాలకు వైఫై 6 చాలు. దాని గొప్పంతా వేగంలో కాదు, పంపకంలో ఉంది. పాత రూటరు ఆటోలాంటిది. ఒక్కరిని ఎక్కించుకుని దించి వచ్చాకే మరొకరికి వంతు. వైఫై 6 బస్సులాంటిది. ఒకే ట్రిప్పులో నాలుగు ఫోన్లకూ తలా కాస్త మోసుకెళుతుంది. పరికరాలు ఎక్కువున్న ఇంట్లో తేడా తెలిసేది ఇక్కడే. అయితే రూటరు కొత్తదైనంత మాత్రాన పాత ఫోను కొత్తదైపోదు. వైఫై 4 ఫోను వైఫై 6 రూటరుకూ కలుస్తుంది, తన పాత నడకే నడుస్తుంది.

చాలామంది చూడని మరో మెలిక రూటరు వెనక ఉంటుంది. అక్కడ తీగ గుచ్చే పోర్టులు కొన్ని చవక రూటర్లలో 100 మెగాబిట్లవే. 300 ఎంబీపీఎస్‌ ప్లాను తీసుకున్నా సరే, ఆ కన్నంలోంచి వచ్చేది వందలోపే. కొనేటప్పుడు పెట్టె మీద 'గిగాబిట్‌ పోర్టులు' అని రాసుందో లేదో చూసుకోవాలి. తీగ కూడా క్యాట్‌ 5ఇ గానీ క్యాట్‌ 6 గానీ అయ్యుండాలి. వేగం ఎప్పుడు చూసినా సరిగ్గా 90-95 దగ్గరే ఆగిపోతోందా? అయితే అనుమానించాల్సింది కంపెనీని కాదు, ఆ పోర్టును. లేదంటే ఆ తీగను!

రిపీటరా, మెష్షా, తీగా?

ఇల్లు పెద్దదైతే ఎంత మంచి రూటరైనా ఒక్కటే అన్నిచోట్లకూ చేరదు. రెండో పెట్టె పెట్టాల్సిందే. అందుకు మూడు మార్గాలున్నాయి.

మొదటిది రిపీటరు. ప్లగ్గులో గుచ్చితే చాలు, చవక. కానీ మామూలు రకానికి ఒకే రేడియో. ఇటు అందుకోవాలి, అటు అందించాలి. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. ఒక్క గదికి, వాట్సాప్‌కీ వార్తలకీ అయితే సరిపోతుంది. అందరూ చేసే పొరపాటేంటంటే... నెట్టు రాని గదిలోనే దీన్ని పెట్టడం. తనకే అందనిది ఇంకొకరికి ఏం పంచుతుంది? దాహం వేసిన చోట కాదు, నీళ్లు అందే చోట బిందె పెట్టాలి. రూటరుకూ ఆ గదికీ మధ్యలో, ఇంకా మైనస్‌ 65 దాకా సిగ్నలు ఉన్న చోట ఉంచాలి.

రెండోది మెష్‌. రెండు మూడు పెట్టెలు కలిసి ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఇల్లంతా ఒకే నెట్‌వర్క్‌గా పనిచేస్తాయి. మాట్లాడుతూ హాల్లోంచి మేడ మీదికి వెళితే ఫోను ఒకదాన్నుంచి మరోదానికి చాలావరకు తెగకుండా మారుతుంది. మూడు రేడియోలున్న రకమైతే వాటిలో ఒకదాన్ని పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి కేటాయిస్తాయి. వేగం అంతగా పడిపోదు. ఖరీదు మాత్రం ఎక్కువే. వేర్వేరు కంపెనీల పెట్టెలు కలిసి పనిచేసేలా 'ఈజీమెష్‌' అనే ప్రమాణం 2018లో వచ్చింది. అది అన్నిటిలో ఉండదు, కాబట్టి ఒకే కంపెనీవి తీసుకోవడమే క్షేమం.

మూడోది తీగ. రూటరు నుంచి వెనగ్గదికి ఒక క్యాట్‌ 6 కేబులు లాగి, అక్కడ ఒక యాక్సెస్‌ పాయింటు పెట్టడం. పాతకాలం పద్ధతిలా కనిపిస్తుంది కానీ అన్నిటికన్నా గట్టిది ఇదే. తీగలో సమాచారం వంద మీటర్ల దాకా ఏమీ కోల్పోకుండా వెళుతుంది. గోడలతోనూ స్లాబుతోనూ దానికి పనిలేదు. ఇంకో లాభం కూడా ఉంది... మూలన పడేసిన పాత రూటరు ఇక్కడ పనికొస్తుంది! దాని సెట్టింగుల్లో 'యాక్సెస్‌ పాయింట్‌' పద్ధతికి మార్చి, వైఫై పేరూ పాస్‌వర్డూ కొత్తదానివే ఇస్తే సరి. ఖర్చు కేబులుకీ, గోడకు కన్నం పెట్టిన ఎలక్ట్రీషియన్‌కీ మాత్రమే.

మెష్‌ కొన్నవాళ్లు కూడా వీలైతే పెట్టెల మధ్య తీగ కలుపుకోవాలి. అప్పుడే పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం.

ఏ ఇంటికి ఏది?

రెండు పడగ్గదుల ఫ్లాటు. రూటరును గుమ్మం దగ్గర్నుంచి హాలు మధ్యకు జరిపితే చాలావరకు పని అయిపోతుంది. అది వైఫై 4 కాలం నాటిదైతే రెండు దారులున్న వైఫై 6 రూటరు ఒక్కటి చాలు. మెష్‌ అనవసరం. ఉన్న కాస్త చోటులో రెండు మూడు పెట్టెలు పెడితే అవి ఒకదానికొకటి అడ్డు తగులుతాయి.

డూప్లెక్స్‌ లేదా కింద అమ్మానాన్న, పైన కొడుకూ కోడలూ ఉండే రెండంతస్తుల ఇల్లు. ఇక్కడ అసలు శత్రువు స్లాబు. అంతస్తుకొకటి చొప్పున రెండు పెట్టెలు, మధ్యలో తీగ. తీగ లోపలి నుంచి కుదరకపోతే బయట గోడ మీదుగా, కేబుల్‌ టీవీ వైరు వేసినట్లు, ఎండకూ వానకూ తట్టుకునే రకం వేయించొచ్చు. అదీ కుదరదంటే మెట్ల దారే రాజమార్గం. మెట్లున్న చోట స్లాబు ఉండదు కదా! రెండు మెష్‌ పెట్టెలనూ మెట్లకు కింద ఒకటి, పైన ఒకటి ఎదురెదురుగా ఉంచితే ఆ సందులోంచి మాట్లాడుకుంటాయి.

ఊళ్లో పొడవాటి పాత ఇల్లు, లేదా ఇంటి వెనక విడిగా మరో గది. మందపాటి పాత గోడలకు రిపీటరు చాలదు. ఇక్కడా తీగే దిక్కు.

కట్టేటప్పుడే కాస్త ముందుచూపు

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు ఇదే మంచి సమయం. ప్లాస్టరింగు కాకముందే, కరెంటు పైపులతో పాటు నెట్‌వర్క్‌ కేబులుకు విడిగా ఒక పైపు వేయించాలి. కరెంటు తీగలున్న పైపులోనే ఇది వేయకూడదు. ఫైబరు లోపలికి వచ్చే చోటు నుంచి ప్రతి అంతస్తు హాలు పైకప్పుకూ, టీవీ గోడకూ, చదువుకునే గదికీ ఒక్కో తీగ. అప్పుడయ్యేది కొద్దిపాటి ఖర్చు. గృహప్రవేశం అయ్యాక గోడలు పగలగొట్టాలంటే అయ్యే ఖర్చూ, ఇంట్లో వినాల్సిన మాటలూ ఎక్కువ!

కొన్నాక మరచిపోకూడనివి

రూటరుతో పాటు వచ్చే పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. వైఫై పాస్‌వర్డు ఒక్కటే కాదు, రూటరు సెట్టింగుల్లోకి వెళ్లే 'అడ్మిన్‌' పాస్‌వర్డు కూడా. సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ3 రక్షణ ఉంటే అదీ, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోవాలి. వచ్చిపోయే చుట్టాలకు, పనివాళ్లకు 'గెస్ట్‌' పేరుతో వేరే దారి ఇచ్చే వీలు చాలా రూటర్లలో ఉంటుంది. పాత రూటరును మార్చడానికి వేగంతో సంబంధం లేని కారణమూ ఒకటుంది. తయారీదారు దానికి అప్‌డేట్లు ఆపేస్తే కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు ఉండదు. ఇంటి తాళం అరిగిపోయినట్లే. ఆ గుమ్మం లోంచే ఇంట్లోవాళ్ల బ్యాంకు లావాదేవీలన్నీ సాగుతాయి.

కరెంటు పోతే? ఫైబరులో వెలుగుండగానే ఇంట్లో రూటరు ఆరిపోతుంది. ఇన్వర్టరు లేని ఇంట్లో రూటరుకూ, ఫైబరు పెట్టెకూ కలిపి చిన్న యూపీఎస్‌ పెట్టుకుంటే కాసేపు నిశ్చింత. ఆ రెండిటి వోల్టేజీ, ఆంపియర్లు చూసుకునే కొనాలి. రెండో అంతస్తులో మరో పెట్టె ఉంటే దానికీ ఆ ఏర్పాటు ఉండాలి.

ఇంట్లో రెండు మూడు పెట్టెలుంటే ఆరోగ్యానికి హానేమోనన్నది పెద్దవాళ్ల సందేహం. సెల్‌ టవర్లు, వైర్‌లెస్‌ నెట్‌వర్కుల నుంచి వచ్చే బలహీనమైన తరంగాల వల్ల ఆరోగ్యం దెబ్బతింటుందనడానికి నమ్మదగిన శాస్త్రీయ ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో చెప్పింది. అదే సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలన్నిటినీ కలిపి 'క్యాన్సర్‌ కారకం కావచ్చు' అనే జాబితాలో చేర్చింది. ఆ నిర్ణయానికి ముఖ్యంగా లెక్కలోకి తీసుకున్నది చెవికి ఆనించి మాట్లాడే మొబైల్‌ ఫోన్ల వాడకాన్ని. గది అవతల ఉన్న రూటరు నుంచి ఒంటికి చేరేది అంతకన్నా ఎంతో తక్కువ. అయినా మనసు ఒప్పుకోకపోతే పెట్టెను మంచం తలాపున కాకుండా కాస్త దూరంగా పెట్టుకుంటే సరి.

నక్షత్రాల వేటలో దొరికింది!

వైఫై తరంగం గోడలకూ బీరువాలకూ తగిలి ప్రతిధ్వనిలా పదిసార్లు తిరిగి వస్తుంది. ఆ గందరగోళంలోంచి అసలు మాటను ఏరుకోవడమే ఒకప్పుడు శాస్త్రవేత్తలకు పెద్ద తలనొప్పి. దాన్ని తీర్చినవారిలో ముఖ్యులు ఆస్ట్రేలియాకు చెందిన రేడియో ఖగోళ శాస్త్రవేత్త జాన్‌ ఒసల్లివన్‌. పేలిపోయే బుల్లి కృష్ణబిలాల నుంచి వచ్చే రేడియో సంకేతాల కోసం ఆయన వెతికారు. అవి దొరకలేదు. కానీ చెదిరిపోయిన తరంగాలను చక్కదిద్దే లెక్కల్లో ఆయనకు చెయ్యి తిరిగింది. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో ఆయనా మరో నలుగురూ కలిసి ఆ అనుభవంతో ఇళ్లలోపల పనిచేసే వైర్‌లెస్‌ పద్ధతిని రూపొందించారు. 1996లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. 2012లో యూరోపియన్‌ ఇన్వెంటర్‌ అవార్డు కూడా అందుకున్నారు.

అంత దూరాన్నుంచి వచ్చిన తెలివి మన ఇంట్లో స్లాబు దగ్గర ఆగిపోతోందంటే... దానికి కాస్త దారి చూపించాల్సింది మనమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు కొలవండి. తర్వాత పెట్టెను జరపండి. అప్పటికీ కుదరకపోతే తీగ లాగండి, లేదా కొత్తది కొనండి. ఇవన్నీ అయ్యాకా తీగతో చూసినప్పుడు కూడా వేగం తక్కువే ఉంటే... అప్పుడు చేయండి కంపెనీకి ఫోను. ఈసారి వాళ్లు చెప్పేది వినడం కాదు, వాళ్లకు చూపించడానికి మీ దగ్గరే లెక్క ఉంటుంది!